చేతులతో సైన్సు సరే, ఎవరి చేతులతో?

2002లో మేం ఒక ప్రభుత్వ పాఠశాలలో ఏడో తరగతి చదువుతున్నాం. ఒకరోజు సైన్సు సారు పసుపు ప్రయోగం చేసి చూపించాడు. తెల్ల కాగితానికి పసుపు నీళ్ళు పూసి ఆరబెట్టి, దాని మీద సబ్బు నీళ్ళు ఒక చుక్క వేశాడు. చుక్క పడ్డచోట కాగితం ఎర్రబడింది. అందరం నోళ్ళు తెరుచుకుని చూశాం. "ఎందుకిట్లయిందో ఎవరైనా చెప్తారా?" అని అడిగాడు సారు. వెనక వరసలోంచి చాకలోళ్ళ అమ్మాయి ఒకామె లేచి, "మా అమ్మ సవుడు పెడితె పసుపు మరకలు గిట్లనే ఎర్రగైతయి సార్. నిమ్మకాయ పిండితె మళ్ళ పచ్చగైతయి" అంది. క్లాసంతా గొల్లుమంది. సారు కూడా నవ్వి, "ఇది చాకిరేవు కాదమ్మా, సైన్సు క్లాసు" అన్నాడు. ఆ అమ్మాయి కూర్చుంది. ఆ ఏడాది మళ్ళీ ఏ ప్రశ్నకూ లేచి నిలబడలేదు. నవ్వినవాళ్ళలో మేమూ ఉన్నాం.

ఆ నవ్వు మాకు ఇప్పటికీ గొంతుకి అడ్డం పడుతూనే ఉంటుంది. మా తాత తోళ్ళు ఊనినవాడు. చాకిరేవును చూసి నవ్విన క్లాసు లందను చూసి ఇంకెంత నవ్వేదో మాకు తెలుసు. తెలిసే నవ్వాం. మన ఇంటి పని బయటపడకుండా ఉండాలంటే పక్కింటి పనిని చూసి నవ్వాలని బడి మాకు ఎవరూ చెప్పకుండానే నేర్పింది.

ఆ రోజు ఆ గదిలో సైన్సు మాట్లాడింది నిజానికి ఆ అమ్మాయి ఒక్కతే. సారు చూపించింది సగం ప్రయోగం. పసుపులో ఉండే కర్కుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుంది, ఆమ్లం తగిలితే తిరిగి పసుపుపచ్చకు వస్తుంది. సబ్బులోనూ క్షారమే, సవుడు మన్నులో ఉండే సోడియం కార్బొనేటూ క్షారమే. ఈ రంగు మార్పు వెనక్కి కూడా నడుస్తుందనే సంగతి సారు చెప్పలేదు, ఆ అమ్మాయి చెప్పింది. చూడడం, మళ్ళీ మళ్ళీ చూసి ఒక నియమం పట్టుకోవడం, దాన్ని తిప్పి పరీక్షించడం అన్నీ ఆమె మాటల్లో ఉన్నాయి. లేనిదల్లా వాటిని సైన్సుగా ఒప్పుకునే చెవి. పిల్లలకు చేతులతో సైన్సు నేర్పాలని ఇవాళ అందరూ అంటున్నారు. కృత్యాలు, ప్రయోగ మేళాలు, టింకరింగ్ ల్యాబులు పెరుగుతున్నాయి. ఈ ఉద్యమాన్ని దళిత బహుజన దృష్టితో ఒకసారి తరచి చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

హోషంగాబాద్ ఇచ్చినదేమిటి?

మొదట ఇవ్వాల్సిన గౌరవం ఇద్దాం. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో కిశోర్ భారతి, రసూలియా ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు కలిసి 16 మిడిల్ స్కూళ్ళలో కొత్త పద్ధతిలో సైన్సు చెప్పించడం మొదలుపెట్టాయి. పిల్లలు నలుగురేసి జట్లుగా కూర్చుని తామే ప్రయోగం చేస్తారు. వాళ్ళ 'బాల వైజ్ఞానిక్' పుస్తకం పిల్లల చేతికి తయారు జవాబులు ఇవ్వదు, చెయ్యాల్సిన పనులూ ప్రశ్నలూ ఇస్తుంది. పరీక్షకు పుస్తకం వెంట తీసుకుపోవచ్చు, చేసి చూపించే పరీక్ష కూడా ఉంటుంది. 1978లో ఇది జిల్లా అంతటికీ పాకింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ దీన్ని ముందుకు తీసుకుపోయింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది. ముప్పై ఏళ్ళు సర్కారు బడుల్లో నడిచిన ఇంత పెద్ద ప్రయత్నం ఈ దేశంలో సైన్సు బోధనకు సంబంధించినంతవరకు అరుదు.

ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా 1978లో ఈ కార్యక్రమంలోకి వచ్చాడు. సైకిలు వాల్వు ట్యూబును చిన్న ముక్కలుగా కోసి, అగ్గిపుల్లలు గుచ్చి, త్రిభుజాలూ చతురస్రాలూ ఇళ్ళూ చేయించాడు. చతురస్రం వేలితో నొక్కితే ఒరిగిపోతుంది. త్రిభుజం ఒరగదు. రేఖాగణితంలో ఒక పెద్ద సంగతి పైసా ఖర్చు లేకుండా పిల్లవాడి చేతికి వచ్చింది. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన బొమ్మలు మన తెలుగు పిల్లల దాకా కూడా వచ్చాయి. మన దగ్గర జన విజ్ఞాన వేదిక, వాళ్ళ 'చెకుముకి' పత్రిక ఎందరో టీచర్లకు ధైర్యమిచ్చాయి. బట్టీ చదువు నుంచి పిల్లల్ని బయటికి లాగిన వీళ్ళందరికీ మన పిల్లలు కూడా రుణపడి ఉన్నారు. ఎందుకంటే బట్టీ చదువు అందరికంటే ఎక్కువగా దెబ్బ కొట్టింది ఇంట్లో చదువు చెప్పే దిక్కులేని మన పిల్లల్నే.

అయినా ఒక మాట అడగాలి. ఆ సంస్థ పెట్టుకున్న పేరు ఏకలవ్య. పక్కన గురువు లేకుండా, తన చేతులతో తానే చేసుకుంటూ నేర్చినవాడు ఏకలవ్యుడు. అంటే చేతులతో నేర్చుకోవడానికి మన పురాణంలో అంతకంటే మంచి పేరు దొరకదు. కానీ ఆ కథలో ఉన్నది నేర్చుకోవడం ఒక్కటే కాదు గదా. నేర్చినందుకు అతని బొటనవేలు పోయింది. ఆ వేలును ఎవరు, ఎందుకు అడిగారన్న ప్రశ్న పక్కన పెట్టి చేతి గురించి మాట్లాడితే ఆ మాట సగమే అవుతుంది.

చెత్త ఎవరిది?

మేం చదివిన కృత్యాల పుస్తకాల్లో తెలుగులోవి అయినా, ఇంగ్లీషులోవి అయినా ఒక మాట తరచుగా వస్తుంది. చెత్తతో బొమ్మలు, పారేసిన వస్తువులతో ప్రయోగాలు. ఖాళీ సీసా, కొబ్బరి చిప్ప, పాత సైకిలు ట్యూబు. ఉద్దేశం మంచిదే. డబ్బులేని బడిలో కూడా సైన్సు నడవాలి. కానీ పారేసిన వస్తువు అనేది ఎవరి ఇంటినుంచి చూస్తే పారేసినది? వాడలో ఖాళీ సీసా నూనె తెచ్చుకునే సీసా. పాత ట్యూబు బొక్కెనకు కట్టు. ఊళ్ళో ఒకరికి చెత్త అయినది వాడలో ఇంకొకరికి సామాను. ఇక పట్నంలో ఆ చెత్తను ఎత్తేదీ, ఏరేదీ, వేరుచేసేదీ ఏ కులాల చేతులో వేరే చెప్పనక్కర లేదు. ఏ ప్లాస్టిక్ కరుగుతుందో, ఏది కాల్చితే విషపు పొగ వస్తుందో, ఏ తీగలో రాగి ఉంటుందో చెత్త ఏరుకునే పిల్లలకు తెలిసినంతగా ప్రయోగ మేళాలో బహుమతి కొట్టిన పిల్లలకు తెలుసా? చెత్త సైన్సు పుస్తకంలోకి వచ్చింది గానీ చెత్త ఎత్తేవాళ్ళు రాలేదు.

ఈ పుస్తకాల్లోని పిల్లవాడికి కులం ఉండదు. అతను పల్లెటూరి పిల్లవాడు, లేదా పేద పిల్లవాడు. అంతే. నలుగురు పిల్లల జట్టు అంటారు. ఆ నలుగురిలో ఎవరు సూక్ష్మదర్శినిలో ముందు చూస్తారు? ఎవరు నోటుబుక్కులో రాస్తారు? ఎవరు బోరింగు దగ్గర్నుంచి నీళ్ళు తెస్తారు? ప్రయోగం అయ్యాక పరీక్షనాళికలు ఎవరు కడుగుతారు? మా బడిలో కడిగింది మేం. ఊడ్చిందీ మేమే. చేతులకు పని కావాలన్న కొరత మాకు ఏనాడూ లేదు. కొరతల్లా ఆ చేతికి సుద్దముక్క దొరకడంలో ఉంది. అంబేద్కర్ హైస్కూలు చదువు గురించి అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. లెక్క చెయ్యమని బోర్డు దగ్గరికి పిలిస్తే, ఆయన తాకిడికి మైలపడతాయని మిగతా పిల్లలు బోర్డు వెనక దాచుకున్న తమ అన్నం డబ్బాల కోసం పరిగెత్తారు. చేతితో చేసి నేర్చుకోవాలంటే ముందు తాకాలి. తాకడమే నేరమైన సమాజంలో చేతి చదువు గురించి మాట్లాడేవాళ్ళు అంటరానితనం గురించి మాట్లాడకుండా ఎట్లా ఉంటారు?

లంద దగ్గరి రసాయనశాస్త్రం

తంగేడు చెట్టునే తీసుకుందాం. తంగేడు పువ్వు బతుకమ్మకు ముఖ్యం. తెలంగాణ రాష్ట్రం దాన్ని రాష్ట్ర పుష్పం చేసుకుంది. పువ్వు పాటల్లోకీ బడి గోడల మీదికీ వచ్చింది. అదే చెట్టు చెక్క ఎక్కడికి పోయేదో మాత్రం ఏ పాఠమూ చెప్పదు. అది మాదిగ వాడలో లందకు పోయేది. పచ్చి తోలును సున్నం నీళ్ళలో నానబెడితే వెంట్రుకలు వదులవుతాయి. వాటిని గీకేసి, కడిగి, తంగేడు చెక్క నానిన నీళ్ళలో రోజుల తరబడి ఊరబెడతారు. చెక్కలోని టానిన్లు తోలులోని కొలాజెన్ అనే మాంసకృత్తును పట్టుకుని బిగిస్తాయి. అప్పుడది కుళ్ళదు. కుళ్ళిపోయే పదార్థాన్ని ఏళ్ళ తరబడి నిలిచే పదార్థంగా మార్చడం చిన్న సంగతి కాదు. సున్నం ఎంత, ఎన్ని రోజులు, ఏ ఎండలో అన్నది మా తాత వేలితో నొక్కి చెప్పేవాడు.

1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ వచ్చింది. గుంటూరు జిల్లాలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ దాన్ని నడిపి ప్రపంచానికి తెలిసిన శాస్త్రవేత్త అయ్యాడు. ఆయన కృషిని మేం తక్కువ చెయ్యడం లేదు. తోలు పని గౌరవం లేనిదని ఆయన అనుకోలేదు, అది మంచిదే. మేం చూడమంటున్నది ఒక తేడా. అదే తోలు సంస్థలోకి పోతే రసాయనశాస్త్రం, లందలో ఉంటే కంపు. ఆ కంపు పేరు పెట్టే మమ్మల్ని ఊరవతల ఉంచారు. పిల్లల ప్రయోగాల పుస్తకాల్లో పసుపు ఉంది, నిమ్మకాయ ఉంది, వంటసోడా ఉంది. వంటింటి సైన్సు ధారాళంగా ఉంది. తోలు మాత్రం మాకు ఎక్కడా కనిపించలేదు. ఏది తాకదగిన వస్తువో ఏది కాదో తేల్చిన పాత కొలతే ప్రయోగాల జాబితాను కూడా తేల్చిందా అని అనుమానం.

మృదంగం, డప్పు

సి.వి. రామన్ 1920లో 'నేచర్' పత్రికలో మృదంగం, తబలా వంటి వాయిద్యాల ధ్వని గురించి రాశాడు. మామూలు తోలు వాయిద్యం మోగితే వచ్చే పైస్వరాలు ఒకదానికొకటి పొసగవు. తోలు నడుమ నల్లటి ముద్ద అద్ది బరువు పెంచితే అవి పొసిగి సంగీతమవుతాయని వివరించాడు. గొప్ప సంగతి. అయితే ఆ ముద్దను ఎంత మందాన, ఎన్ని పొరలుగా అద్దాలో పట్టుకున్న చేతులు ఎవరివి? రామన్ వివరించాడు, చేసినవాళ్ళు వేరే ఉన్నారు. టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాసి, మృదంగం చేసే దళిత క్రైస్తవ కుటుంబాలను ముందుకు తెచ్చేదాకా వాయించేవాడి పేరే లోకానికి తెలుసు.

మన డప్పు సంగతి చూడండి. వాయించే ముందు డప్పును మంట దగ్గర కాచుతారు. తోలులోని తేమ పోతుంది, తోలు ముడుచుకుంటుంది, బిగువు పెరుగుతుంది, స్వరం హెచ్చుతుంది. వానాకాలంలో డప్పు మెత్తబడుతుంది. బిగువు నాలుగింతలైతే స్వరపు పౌనఃపున్యం రెండింతలవుతుందనే నియమం పై తరగతుల పాఠంలో ఉంది. దాన్ని చూపించడానికి ఇంతకంటే మంచి పరికరం ఏ ల్యాబులో ఉంది? 1994లో దండోరా ఉద్యమం చావు డప్పును ఆత్మగౌరవ డప్పుగా మార్చింది. అది సభల్లోకి వచ్చింది, విశ్వవిద్యాలయంలోకి వచ్చింది. మా ధ్వని పాఠంలోకి మాత్రం రాలేదు.

ఈ పనిని ముందే తలకెత్తుకున్న పుస్తకం ఒకటుంది. కంచ ఐలయ్య 2007లో దుర్గాబాయి వ్యామ్ బొమ్మలతో ఇంగ్లీషులో పిల్లల కోసం తెచ్చిన 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్' పుస్తకం ఆదివాసులు, పశువుల కాపరులు, తోలు పనివారు, రైతులు, కుమ్మరులు, నేతవారు, చాకళ్ళు, మంగళ్ళు నిర్మించిన జ్ఞానాన్ని జ్ఞానంగానే చెప్పింది. శ్రమలో సైన్సు ఉందనే మాటను అంత సూటిగా పిల్లలకు చెప్పిన పుస్తకం అంతకు ముందు మాకు తెలియదు. అయితే శ్రమను గౌరవించమని చెప్పడం దగ్గర మనం ఆగిపోతే చాలదు. గౌరవించేవాడు ఒకడు, శ్రమ చేసేవాడు ఇంకొకడుగానే మిగిలిపోయే ప్రమాదముంది. ఆ జ్ఞానాన్ని ప్రయోగం బల్ల మీదికి, అందరి పిల్లల చేతుల్లోకి తేవాలి.

కులవృత్తి అనే ఉచ్చు

ఇక్కడే మనం జాగ్రత్తపడాల్సిన మలుపు ఉంది. లందలో సైన్సు ఉంది, చాకిరేవులో సైన్సు ఉంది అని మనం అనగానే, "అయితే మీ పిల్లలు అక్కడే నేర్చుకోవచ్చు గదా" అనేవాళ్ళు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన ప్రాథమిక విద్యా పథకం సరిగ్గా ఇదే. గ్రామాల పిల్లలకు బడి రోజుకు మూడు గంటలు, మిగతా సమయం ఇంట్లో తండ్రి వృత్తి నేర్చుకోవాలి. పెరియార్ దాన్ని కులవిద్యా పథకమని పేరు పెట్టి ఎండగట్టాడు. 1954లో రాజాజీ దిగిపోయాడు, కామరాజ్ వచ్చి పథకాన్ని రద్దు చేశాడు. చేతిపని చదువును పొగిడే ప్రతి మాట వెనకా ఈ చరిత్ర ఉందని మనం మరిచిపోరాదు.

ఫూలే 1882లో హంటర్ కమిషన్ ముందు పెట్టిన విజ్ఞాపనలో పల్లె పిల్లలకు వ్యవసాయం నేర్పాలన్నాడు. కానీ దాన్ని చదవడం, రాయడం, లెక్కలు, చరిత్ర, భూగోళం, వ్యాకరణాలతో పాటు అడిగాడు. వాటికి బదులుగా అడగలేదు. మన వైఖరికి ఈ ఒక్క తేడా చాలు. కులం పనిని మాత్రమే విడదీయలేదు, పనిచేసేవాళ్ళను విడదీసి మెట్లుగా పేర్చిందని అంబేద్కర్ 1936లోనే తేల్చి చెప్పాడు. ఆ మెట్లను కదిలించని చేతిపని చదువు మెట్లకు సున్నం కొట్టడమే అవుతుంది.

2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలు పది రోజులు సంచీ లేకుండా స్థానిక వృత్తి నిపుణుల దగ్గర నేర్చుకోవాలంటుంది. ఉదాహరణగా చెప్పినవాళ్ళలో వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారులు ఉన్నారు. ఆ వరసలో తోలు పనివారి పేరు గానీ చాకళ్ళ పేరు గానీ లేదు. కులవృత్తుల్లోనూ చూపించదగినవీ దాచదగినవీ ఉంటాయన్న మాట. ఇంకో పక్క 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులు. ఎంపికైన బడికి 20 లక్షల దాకా ఇస్తారు, త్రీడీ ప్రింటర్లూ రోబో సామానూ వస్తాయి. మాకు త్రీడీ ప్రింటర్ల మీద కోపం లేదు. అవి మన పిల్లలకు ముందు కావాలి. పదిరోజుల కుండ ఒక బడికి, ఏడాదంతా రోబో ఇంకో బడికి అన్నట్టు పంచుకోకుండా చూడాలన్నదే మా మాట.

మరి ఏం చెయ్యాలి?

టీచరు మిత్రుల ముందు రెండు ప్రయోగాలు పెడుతున్నాం. ఖర్చు లేనివి. ఒకటి, కరక్కాయ పొడిని నీళ్ళలో నానబెట్టి వడగట్టండి. ఆ నీళ్ళలో తుప్పుపట్టిన ఇనుప మేకులు వేసి ఒకటి రెండు రోజులు ఉంచండి. నీళ్ళు నల్లబడతాయి. టానిన్లు ఇనుముతో కలిసి చేసిన సిరా అది. దానితోనే ప్రయోగం రిపోర్టు రాయించండి. తోలును ఊనేదీ తోలుకు నలుపునిచ్చేదీ ఇదే గుణమని, ఎవరు కనిపెట్టి నిలుపుకున్నారో చెప్పండి. రెండు, డప్పును తరగతిలోకి తెండి. కాచకముందు, కాచిన తరవాత, తడిగుడ్డతో తుడిచిన తరవాత పిల్లలతో వాయించి వినిపించండి. మాదిగ పిల్లవాణ్ణి మాత్రం "నీకు వచ్చు గదా, నువ్వు వాయించు" అని లేపకండి. రెడ్డి పిల్లవాడూ బ్రాహ్మల పిల్లా డప్పు పట్టుకోవాలి. తాకడం, తడబడడం, నేర్చుకోవడం వాళ్ళ వంతు. ఆ పూట మాదిగ పిల్లవాడు పౌనఃపున్యం కొలిచి బోర్డు మీద లెక్క చెయ్యాలి. కడిగే పని రోజుకొక జట్టుది కావాలి, ఆ వంతుల పట్టిక గోడ మీద ఉండాలి.

ఏ కృత్యాల పుస్తకం చేతికొచ్చినా మనం మూడు ప్రశ్నలు వేద్దాం. ఇందులోని వస్తువును చేసినవాళ్ళ పేరు ఉందా? ఇందులో ఏ వస్తువులు ఎందుకు లేవు? ఇది అయ్యాక ఎవరు కడుగుతారు? ఈ మూడింటికీ జవాబు చెప్పగల పుస్తకం మనకింకా రావాల్సి ఉంది. దాన్ని ఎవరో రాసిపెట్టేదాకా ఎదురుచూడడం దండగ. మన వాడల్లో లంద చూసినవాళ్ళు, సవుడు వాడినవాళ్ళు, డప్పు మూసినవాళ్ళు ముసలివాళ్ళయిపోతున్నారు. వాళ్ళ దగ్గర కూర్చుని కొలతలతో సహా రాసుకోవాల్సింది మొదటి తరం చదువుకున్న మనమే.

ఆ చాకలి అమ్మాయి పదో తరగతి దాటలేదని తరవాత తెలిసింది. పసుపు ఎర్రబడితే ఏమవుతుందో తెలిసిన మనిషి సైన్సులోనే తప్పింది. ఆమెను చూసి నవ్వినవాళ్ళం డిగ్రీలు తెచ్చుకున్నాం. ఈ వ్యాసం ఆ లెక్క తీర్చలేదు. ఇవాళ మీ తరగతిలో వెనక వరస నుంచి ఎవరైనా లేచి తమ ఇంటి పని గురించి ఒక మాట చెబితే, ముందు క్లాసు నవ్వకుండా ఆపండి. తరవాత "ఎట్ల తెలిసింది? చేసి చూపిస్తవా?" అని అడగండి. మిగతా ప్రయోగం అక్కడ్నుంచి మొదలవుతుంది. మీ అనుభవాలూ, మా వాదనలో పొరపాట్లూ రాసి పంపితే ఈ చర్చను కొనసాగిద్దాం.